పెళ్ళికి పాత పెనం

తెలుగువాళ్ళు సెకండ్‌హ్యాండ్ వస్తువు పుచ్చుకోరని ఎవరైనా అంటే నమ్మకండి. బంగారం సంగతేమిటి? మా అమ్మమ్మ కాసులపేరు చెరిపించి మా అమ్మకు గొలుసు చేయించారు. ఆ గొలుసు చెరిపించి నా పెళ్ళికి గాజులూ ఒక నెక్లెసూ చేయించారు. ఆ నెక్లెసు మోడల్ పాతబడిందని మా అమ్మాయి ఇప్పటికే దాని వంక అదోలా చూస్తోంది. ఇన్ని తరాల మెడల్లో తిరిగి, ఇన్నిసార్లు కంసాలి కుంపట్లో కరిగి వచ్చిన సరుకును "ఎవరో వాడేసింది నాకెందుకు?" అన్న పెళ్ళికూతురు ఇంతవరకూ పుట్టలేదు. పైగా "పాత బంగారమమ్మా, ఇప్పుడలాంటిది ఎక్కడ దొరుకుతుంది?" అని మెచ్చుకోలు. నిజం చెప్పాలంటే పాత నగల్లో టంకం ఎక్కువ. 22 క్యారెట్లంటే నూటికి 91.6 పాళ్ళు మేలిమి ఉండాలి. చాలా పాత నగల్లో అంత ఉండదు. కొట్టతను మిషన్లో పెట్టి చూసి ఆ మాట చెబితే మా అమ్మ మిషన్ని అనుమానించింది గానీ అమ్మమ్మని అనుమానించలేదు.

పొలమో? తాతల నాటి నుంచి ఎవరెవరో దున్నిందే. ఇల్లో? "ఈ ఇంట్లో అద్దెకున్నవాళ్ళంతా సొంతిల్లు కట్టుకుని వెళ్ళారండీ" అని బ్రోకరు ఒక్క మాటంటే పాత ఇంటికి ఇంకాస్త ఎక్కువే ఇస్తాం. పుట్టిన పసిగుడ్డును పడుకోబెట్టేది కూడా పాత నూలుచీర మడతల్లోనే. కొత్త బట్ట గరుకు, ఒళ్ళు కందిపోతుంది. అంటే ఈ నేల మీద పడగానే మనకందిన మొట్టమొదటి కానుకే ఎవరో కట్టి విడిచింది. అలాంటివాళ్ళం, ఎవరైనా ఇచ్చిన స్టీలు గిన్నె మూత మీద చిన్న గీత కనబడితే చాలు, "వాడింది తెచ్చి అంటగట్టారు" అని ఏడాది పొడుగునా చెప్పుకుంటాం.

నన్నడిగితే అసలైన సెకండ్‌హ్యాండ్ సరుకు వాడిన వస్తువు కాదు, ఎవ్వరూ వాడనిది. అనుమానం ఉంటే శ్రావణమాసంలో ఒక జాకెట్టు ముక్క వెంటపడి చూడండి.

వరలక్ష్మీవ్రతం నాడు రెండు తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, నానబెట్టిన శనగలతో కలిసి అది ఒక ఇంటి నుంచి బయల్దేరుతుంది. రంగు బత్తాయిపండుకూ పాచికీ మధ్యస్థంగా ఉంటుంది. ఏ చీర మీదికీ నప్పదు. దాన్ని కుట్టించుకున్న ఇల్లాల్ని నేను చూడలేదు. కుడతానని ఒప్పుకున్న దర్జీనీ చూడలేదు. మా వీధి చివర దర్జీ అయితే దాన్ని టేపుతో కొలవడు కూడా. చేత్తో ఎత్తి చూసి, "ఒక చెయ్యి వస్తుందమ్మా, రెండో చేతికి ఏం చేద్దాం?" అంటాడు. అందుకని అది బీరువా కింది అరలో 'ఇవ్వడానికి' అన్న దొంతరలో చేరి, మర్నాడో మరు శుక్రవారమో ఇంకో ఇంటికి ప్రయాణం కడుతుంది. మడత విప్పరు, గుండుసూది తీయరు. ఊరంతా తిరుగుతుంది, ఒక్కరి ఒంటి మీదా నిలవదు.

ఈ రాకపోకల్లో ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇచ్చే ప్రమాదం ఉంది కదా. దానికి మా అమ్మ ఒక పద్ధతి పెట్టింది. ప్రతి ముక్క మడతలోనూ ఎవరిచ్చారో పెన్సిల్‌తో రాసిన చీటీ. ఇచ్చే ముందు చీటీ తీసేయాలి. ఒక ఏడాది ఇంటినిండా పేరంటాళ్ళు, హడావిడిలో ఒక ముక్క చీటీతో సహా వెళ్ళిపోయింది. అందులో మా అమ్మ దస్తూరీతో "ఎదురింటి వదిన. నాసిరకం" అని ఉంది. మా అమ్మ వారం రోజులు గుమ్మం దిగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. మరో రెండు శ్రావణాలు పోయాక ఆ ముక్కే, అదే గుండుసూదితో, ఊరంతా తిరిగి మా ఇంటికే వచ్చింది. చీటీ అలాగే ఉంది. మా అమ్మ రాతకింద ఇంకెవరిదో దస్తూరీలో "నిజమే" అని ఉంది. ఆ అక్షరాలు ఎవరివో కనిపెట్టాలని మా అమ్మ ఇరుగుపొరుగు పిల్లల నోటుపుస్తకాల్లో తల్లుల సంతకాలు కూడా చూసింది. దొరకలేదు.

గృహప్రవేశాల గోడ గడియారాలదీ ఇదే బతుకు. గోడలు నాలుగే కదా, అందులో ఒకటి టీవీది. మిగతావి అట్టపెట్టెల్లోనే అటకెక్కి, బ్యాటరీ మొహం చూడకుండా వచ్చే గృహప్రవేశం కోసం కాచుకుని కూర్చుంటాయి. లెమన్ సెట్లు, హాట్‌ప్యాకులు, గాజు బుట్టల సంగతి మీకు తెలిసిందే, మళ్ళీ చెప్పను.

పాతకాలంవాళ్ళకు ఈ బెడద ముందే తెలుసు. అందుకే స్టీలు సామాన్లకు పేర్లు వేయించేవాళ్ళు. కొట్టు ముందు స్టూలు మీద ఒక కుర్రాడు గుర్రుమనే సూది మిషను పట్టుకుని కూర్చునేవాడు. ఎవరి పెళ్ళి, ఏ తేదీ, ఎవరి ఆశీస్సులు అన్నీ చుక్కలు చుక్కలుగా చెక్కేవాడు. గిన్నె చిన్నదై పేర్లు పొడుగైతే 'ఆశీస్సు' దగ్గరికి వచ్చేసరికి చోటు చాలక, 'లతో' వెళ్ళి అడుగున పడేది. అలా చెక్కించాక ఆ గిన్నెను ఇంకొకరికి బహూకరించడం ఎవరి తరమూ కాదు. అయినా గిన్నెలు ఊరుకోలేదు. పక్కింటికి గోంగూర పచ్చడి పంపిస్తాం. వాళ్ళు గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని నాలుగు రోజులు ఆగి, ఏదో ఒకటి వండి, ఆ కంగారులో వేరే గిన్నెలో పంపిస్తారు. అలా నేను పిలుపు కూడా అందుకోని పెళ్ళిళ్ళ గిన్నెలు మా వంటింట్లో కాపురం ఉంటున్నాయి. అందులో ఒక జంట విడాకులు పుచ్చుకుని చాలా కాలమైందని విన్నాను. మా చారు గిన్నె మీద మాత్రం వాళ్ళు ఇప్పటికీ కలిసే ఉన్నారు.

ఇప్పుడు పెనం సంగతి.

మా పెద్దమ్మది తెనాలి. మనవరాలి పెళ్ళికి అందరూ ఏం పెడదామా అని తలలు పట్టుకుంటుంటే ఆవిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. పెళ్ళినాడు పాత తుండుగుడ్డలో చుట్టిన బరువైన మూట ఒకటి తెచ్చింది. విప్పితే ఆవిడ అట్ల పెనం. నల్లగా నిగనిగలాడుతోంది. పిడికి ఒక మేకు ఊడిపోతే బోల్టు బిగించారు. మగపెళ్ళివారి వైపు నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. వియ్యపురాలు చాలా మర్యాదగా, "పిన్నిగారూ, ఇది... వాడిందాండీ?" అంది.

"వాడకపోతే ఎందుకు తెస్తానమ్మా!" అంది పెద్దమ్మ. "కొత్త పెనం కొట్లో దొరుకుతుంది. దాని మీద అట్టు లేవాలంటే పిల్ల ఆర్నెల్లు ఏడవాలి. ఆ ఏడుపంతా నేను ఎప్పుడో ఏడ్చేశాను."

ఇనప పెనంతో కాపురం చేసినవాళ్ళకు తెలుసు ఇందులో ఎంత సత్యముందో. కొత్త పెనం మీద మొదటి అట్టు అంటుకుంటుంది, రెండోది చిరుగుతుంది, మూడోది ముద్దవుతుంది. నూనె పూసి కాల్చి, చల్లార్చి, మళ్ళీ నూనె పూసి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది రుద్ది, నెలల తరబడి పోస్తే గానీ అది మాట వినదు. కాలిన నూనె పొరలు పొరలుగా ఇనుముకు పట్టి నున్నబడటమే ఆ మహత్యం. ఏ కంపెనీవాడూ దాన్ని పెట్టెలో పెట్టి అమ్మలేడు. పెద్దమ్మ పెళ్ళిపందిట్లోనే వాడకం సూత్రాలు చెప్పేసింది. సబ్బు తగలనివ్వొద్దు. దీని మీద చపాతీలు కాల్చొద్దు. పొడి వేడికి పైపొర ఎండి అట్లు అంటుకుంటాయి. ఎడమవైపు కొంచెం వాలుంది, నూనె అటు చేరుతుంది, అందుకని పిండి కుడివైపు నుంచి తిప్పుకురావాలి.

తీరా ఇచ్చే వేళకు ఇంకో చిక్కు వచ్చింది. ఇనుము చేతికి ఇవ్వకూడదు.

"కింద పెడతానే, నువ్వే తీసుకో" అంది పెద్దమ్మ. "ఊరికే తీసుకోకు. ఒక రూపాయి ఇచ్చి కొనుక్కున్నట్టు తీసుకో."

పట్టుచీర కట్టుకుని బాసికంతో నిలబడ్డ పెళ్ళికూతురి దగ్గర రూపాయి ఎక్కడిది? పెళ్ళికొడుకు దగ్గరా లేదు. పందిట్లో ఎవరి జేబులోనూ రూపాయి బిళ్ళ లేదు. చదివింపుల కవర్లకు అతికించి ఉన్నాయి గానీ అవి చింపడానికి మా బావ ఒప్పుకోలేదు. చివరికి పెళ్ళికొడుకు పంచెలో దోపుకున్న ఫోను తీసి, "అమ్మమ్మగారూ, మీకు ఫోన్‌పే ఉందా?" అన్నాడు. ఉంది. ఆవిడ కూరగాయలు కొనేది దాంతోనే. రూపాయి పడ్డట్టు ఫోను టింగుమన్నాక గానీ పెద్దమ్మ పెనం కింద పెట్టలేదు. ఇంత జరిగాక వీడియో తీసే అబ్బాయి వచ్చి, "అమ్మమ్మా, సరిగ్గా పడలేదు, ఇంకోసారి కింద పెట్టండి" అన్నాడు. రెండోసారి పెడితే రెండో రూపాయి ఇవ్వాలా అని కాసేపు ధర్మసందేహం. పురోహితుడు గారు అక్కర్లేదన్నారు.

ఆ జంట హైదరాబాదులో కాపురం పెట్టారు. ఫ్లాటులో ఇండక్షన్ పొయ్యి. ఏళ్ళ తరబడి కాలిన పెనం అడుగు వంగిపోయి గాజు మీద ఆనలేదు. దాంతో గ్యాసు పొయ్యి, రెండు సిలిండర్లు తెచ్చుకున్నారు. రూపాయి పెనం కోసం ఎంత ఖర్చు! అయినా పెళ్ళికి వచ్చిన డిన్నర్ సెట్లు మంచం కిందే ఉన్నాయి, పెనం మాత్రం రోజూ పొయ్యెక్కుతోంది. ఆ మధ్య వియ్యపురాలు కొడుకింటికి వచ్చి నెల్లాళ్ళుండి, వెళ్తూ వెళ్తూ, "మీ పెద్దమ్మగారి దగ్గర ఇలాంటిది ఇంకోటేమన్నా ఉందా?" అని నన్ను అడిగింది. లేదు. ఆవిడకు ఉన్నది అదొక్కటే. ఇప్పుడు తెనాలిలో పెద్దమ్మ కొత్త పెనం కొనుక్కుని, అట్టు చిరిగినప్పుడల్లా మనవరాలిని తలుచుకుని తిట్టుకుంటోంది.

పాత వస్తువు ఇవ్వాలనుకునేవాళ్ళకు నేను పెట్టే పరీక్ష ఇదే. అది పోయాక మీ ఇంట్లో కాస్త లోటు తెలుస్తుందా? తెలిస్తే ఇవ్వండి. "అమ్మయ్య, అటక ఖాళీ అయింది" అనిపిస్తే అది పాతసామాన్ల బండికి వేయాల్సింది, పెళ్ళికి పట్టుకెళ్ళాల్సింది కాదు. అలాగే వస్తువుకు కావలసిన మరమ్మతు పుచ్చుకునేవాళ్ళ నెత్తిన పెట్టకూడదు. ఇత్తడి గిన్నె ఇస్తే కళాయి పూయించి ఇవ్వాలి. లేకపోతే అందులో పులుసు కాచుకున్న పాపానికి చిలుము తిని మీకు దండం పెడతారు. కళాయి పూసేవాడు దొరకలేదా, అందులో మొక్క నాటి ఇవ్వండి, ఎవరి ప్రాణానికీ ముప్పులేదు.

గడియారాల్లో కూడా మర్యాదస్తులు ఉన్నారు. అవి గోడకు కాదు, చేతికి కట్టుకునేవి. 1961లో బెంగళూరులో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన హెచ్ఎంటీ వాచీలు ఒకప్పుడు అల్లుళ్ళ అలకపాన్పుల మీద రాజ్యమేలాయి. హెచ్ఎంటీ పెడితే గానీ పీటల మీద కూర్చోనన్న పెళ్ళికొడుకులు ఉండేవారని మా నాన్న చెప్పేవారు. ఆయనే వాళ్ళలో ఒకరని మా అమ్మ చెప్పేది. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించాక, అప్పటిదాకా డ్రాయరులో గుండీల మధ్య పడున్న వాటికి గిరాకీ వచ్చింది. ఎవరికైనా ఇవ్వాలనుకుంటే మీ ఇంట్లో ఉన్నది శుభ్రం చేయించి, పట్టీ మార్చి ఇవ్వండి. బయట కొనేటట్టయితే కొత్తపెళ్ళికొడుకులా మెరిసే డయలుని నమ్మకండి. పాత యంత్రం మీద కొత్తగా రంగేసిన ముఖం పెట్టి అమ్మేవాళ్ళు బోలెడుమంది. మా తమ్ముడు నాన్న వాచీ కట్టుకుంటాడు. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. మర్చిపోతే ఆగిపోతుంది. వాడి రెండో చేతికి ఉన్న స్మార్ట్ వాచీ అప్పుడు "మీ గుండె వేగం పెరిగింది" అని చెబుతుంది.

ఇక పాతదాన్ని కొత్తగా మార్చి ఇవ్వడం. ఇది మనకు కొత్తేమీ కాదు. నూలుచీర ఉయ్యాలై, బొంతై, కాళ్ళు తుడుచుకునే పట్టాయై, చివరికి మసిగుడ్డై గానీ మన ఇళ్ళ నుంచి బయటికి వెళ్ళేది కాదు. కాకపోతే ఇప్పుడు వీడియోలు చూసి చేస్తున్నారు, అక్కడ వస్తోంది పేచీ.

మా ఆడపడుచు కొడుకు ఇంజనీరింగు సెలవుల్లో ఇంట్లో కనబడ్డ ప్రతి వస్తువునూ దీపం చేసే పనిలో పడ్డాడు. వాళ్ళ పెదనాన్నగారి షష్టిపూర్తికి స్వహస్తాలతో ఏదో చేసి ఇవ్వాలని సరదా. పొడుగాటి గాజు సీసా ఒకటి సంపాదించాడు. ఎక్కడ సంపాదించాడని వాళ్ళమ్మ అడగలేదు, అది ఆవిడ చేసిన మంచిపని. కింది సగానికి పురికొస చుట్టి, పై సగానికి బంగారు రంగు వేసి, లోపల బుల్లి బుల్లి దీపాల తీగ పెట్టాడు. నిజంగా అందంగా ఉంది. పెదనాన్నగారు హనుమద్భక్తులు, మంగళవారం, శనివారం ఉల్లిపాయ కూడా తినరు. కానుక చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేసి, తిన్నగా తీసుకెళ్ళి దేవుడి మందిరం పక్కన పెట్టారు. దీపం వేశారు.

రంగు వెలుతురును ఆపుతుంది గానీ గాజులో పోతపోసిన అక్షరాలను ఆపదు. సీసా మెడ కింద ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా తేలి, దేదీప్యమానంగా వెలిగాయి. పెదనాన్నగారు కళ్ళజోడు సవరించుకుని కూడబలుక్కుని చదివి, "ఇదేం కంపెనీరా? తేనెదా?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. జన్మలో ముట్టి ఎరగనని అందరితో చెప్పుకునే మా బావగారు మాత్రం అలవాటున, "తేనె కాదండీ, అది..." అని అరక్షణంలో పేరు, రకం, ఎన్నేళ్ళు నిలవ ఉంచుతారో కూడా చెప్పేశారు. ఆ తర్వాత మా అక్క ఆయనతో మాట్లాడకుండా ఉన్నన్ని రోజులూ ఆ దీపం మా ఇంట్లో ఉంది. వస్తువును మార్చేటప్పుడు దాని పూర్వాశ్రమం పూర్తిగా మాసిపోవాలి, లేదా ఎవరి ముందైనా గర్వంగా చెప్పుకునేదై ఉండాలి. మధ్యలో ఉంటే ఇలా బావగార్లు బయటపడతారు.

పూర్వాశ్రమం చెప్పుకోవలసినది ఏదైనా ఉంటే అది చీరే. మా మేనకోడలి ఓణీల ఫంక్షనుకు మా అమ్మ గద్వాల చీరతో లంగా కుట్టించాలని అనుకున్నాం. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు నలిగి పలచబడినా అంచు గట్టిగానే ఉంటుంది. ఆ అంచు విప్పి కొత్త బట్టకు వేసుకోవచ్చు. నిలువునా పట్టుచీరైతే అలా కుదరదు. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచితే మడత దగ్గరే పోగు చిట్లుతుంది. కత్తెర పట్టే ముందు చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతుర్లో చూడాలి. మడతల వెంట సన్నని గీతల్లా వెలుగు దూరితే ఆ భాగం కుట్టుకు ఆగదు, లోపల గుడ్డ అతికినా ఆగదు. ఇది మాకు దర్జీ చెప్పలేదు. అతనికి ఎలాగూ కూలి వస్తుంది.

అన్నిటికన్నా ముందు చీర ఎవరిదో వాళ్ళను అడగాలి. తల్లి చీర కదా అని చెప్పకుండా కోయించేసి, తీరా ఫంక్షన్లో ఆవిడ గుర్తుపట్టి భోజనం మానేసిన కథలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. మా అమ్మను అడిగాం. ఆవిడ చీరను మంచం మీద పరిచి, పటం చూపించే మాస్టారిలా వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఇది అరసవల్లిలో దీపం తగిలి కాలింది. ఇది మీ మేనమామ పెళ్ళిలో మేకు తగిలి చిరిగింది, వెనకనుంచి రఫూ చేయించాను. ఈ మరక నీ నామకరణం నాటి పాయసం, గిన్నె తన్నింది నువ్వే. మా మేనకోడలు ఆ మరక దగ్గరే ఆగిపోయింది. దర్జీ, "డ్రై క్లీనింగ్‌కి ఇస్తే పోతుంది మేడమ్, లేకపోతే కుచ్చిళ్ళలో కలిపేస్తాను" అన్నాడు. "పోతే మీకు డబ్బులివ్వను, లంగా ముందువైపే కనబడాలి" అంది పిల్ల. అతను తన వృత్తి జీవితంలో అలాంటి మాట వినలేదు. మరక కోసం చీరంతా అటు తిప్పి కత్తిరించాడు. కుట్టుకూలి చూస్తే, ఆ చీర కొన్ననాటి మా నాన్న నెల జీతం దాని ముందు దిగదుడుపు.

ఫంక్షను పొద్దున ఇంకో అభ్యంతరం లేచింది. శుభకార్యానికి పాత బట్టేమిటని మా మేనత్త. మా అమ్మ ఏమీ వాదించలేదు. వంటింట్లోకి వెళ్ళి పసుపు తడిపి తెచ్చి, కొత్త బట్టలకు పెట్టినట్టే లంగా నాలుగు అంచులకూ పెట్టింది. "ఇప్పుడు కొత్తది" అంది. మేనత్త దగ్గర దానికి జవాబు లేదు. శాస్త్రంలో కూడా ఉండదనుకుంటాను.

ఇలాంటి చీరల్నే వీధిలో "పాత పట్టుచీరలు, జరీ చీరలు కొంటాం" అని అరిచేవాళ్ళకు వేసేవాళ్ళు కూడా ఉన్నారు. పాతకాలపు జరీ వెండి తీగతో చేసింది. కాల్చి ఆ వెండి తీస్తారు. మా పిన్ని తన పెళ్ళిచీర వేసి రెండు స్టీలు డబ్బాలు పుచ్చుకుంది. డబ్బాలకు మూతలు సరిపోవని ఇప్పటికీ బాధపడుతుంది. చీర గురించి ఒక్క ముక్కా అనదు.

ఇన్ని చెప్పాను గానీ, నాకు వచ్చిన కానుకల్లో తలమానికం వేరే ఉంది. అది మా మేనత్తే ఇచ్చింది, పసుపు దగ్గర ఓడిపోయిన ఆవిడే. వారపత్రికల సీరియల్ బైండు.

యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో రాత్రిళ్ళు పెరట్లోకి వెళ్ళడానికి భయపడ్డ తరం మా మేనత్తలది. సీరియల్ అంటే వాళ్ళకు వారానికొకసారి వచ్చే చుట్టం. పత్రిక ఇల్లంతా చదివేశాక పిన్నులు సుతారంగా పైకి లేపి, సీరియల్ కాగితాలు మాత్రం తీసి, ట్రంకుపెట్టెలో దాచేవాళ్ళు. కథ ముగిశాక దబ్బనంతో బెజ్జాలు వేసి, పురికొసతో కుట్టి, మైలుతుత్తం కలిపి ఉడికించిన మైదాతో శుభలేఖ అట్టలు అతికించి, పాత లంగా గుడ్డతో వీపు వేసేవాళ్ళు. మైలుతుత్తం లేకపోతే మైదా కోసం వచ్చిన పురుగులు సాహిత్యం కూడా తినేస్తాయి. మా మేనత్త బైండుకు వేసిన శుభలేఖ మా బాబాయిది. పుస్తకం తెరిస్తే ముందు ఆయన పెళ్ళి ముహూర్తం, తర్వాత కథ.

వేసవి సెలవుల్లో మేమంతా దాన్ని వంతులేసుకుని చదివేవాళ్ళం. నవల పేరు చెప్పను, రచయిత్రి అభిమానులు నన్ను బతకనివ్వరు. కాగితాల వెనకవైపు ఏముంటే అది కూడా చదివేవాళ్ళం: సగం కార్టూను, తలనొప్పి మాత్రల ప్రకటన, ఎప్పుడో గడిచిపోయిన వారానికి కర్కాటక రాశి ఫలం. అందులో ఒక వారం సంచిక లేదు. పోస్టులో పోయింది. ఆ వారం జరిగిన కథను మా మేనత్త రూళ్ళ కాగితాల మీద సొంతంగా రాసి మధ్యలో కలిపి కుట్టేసింది. తర్వాతి సంచికలో 'జరిగిన కథ' వేశారు కదా, దాన్ని చూసి రాయొచ్చు. ఆవిడ చూడలేదో, చూసి ఒప్పుకోలేదో! ఆవిడ రాసిన వారంలో హీరో వాళ్ళమ్మ మెట్ల మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకుంటుంది. హీరోయిన్‌కి బ్యాంకులో ఆఫీసరుగా ప్రమోషన్ వస్తుంది. హీరో ఆమె టిఫిన్ డబ్బా కడిగి పెడతాడు. మరుసటి వారం అచ్చు కాగితాల్లో వాళ్ళమ్మ చకచకా నడుస్తూ ఉంటుంది, హీరోయిన్‌కి అసలు ఉద్యోగమే లేదు. ఆ ఉద్యోగం ఏమైపోయిందా అని చిన్నప్పుడు నేను చాలా మథనపడ్డాను.

నా పెళ్ళికి ఆ బైండు తెచ్చి ఇచ్చింది. ఇస్తుంటే చెయ్యి వెంటనే వదల్లేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు మా ఆయన ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో అదే నవల అచ్చు ప్రతి దొరికిందని సంబరంగా తెచ్చారు. మొదటి పేజీలో ఎవరో ఎవరికో ప్రేమతో ఇచ్చినట్టు రాసి, కొట్టేసి ఉంది. ఆ కథ ఇంకోటి. నేను ఆత్రంగా పోయిన వారం వెతికి చదివాను. ఆ అధ్యాయమంతా హీరోయిన్ వర్షంలో కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తుంది. అంతే. ఏమీ జరగదు. అచ్చు ప్రతి మళ్ళీ ఆబిడ్స్‌కే వెళ్ళిపోయింది. బైండు నా దగ్గరే ఉంది.

కనుక ఈ వ్యాసం చదివినవారికి నా విన్నపం. మీ అటక మీద వారపత్రికల సీరియల్ బైండ్లేమన్నా ఉంటే, దయచేసి పాత పేపర్ల అబ్బాయికి కిలో లెక్కన వేయకండి. ఇంట్లో ఎవరికీ అక్కర్లేదంటే నాకివ్వండి. ఒకటి రెండు వారాలు పోయినా ఫర్వాలేదు. ఆ పోయిన వారం మీ అత్తయ్యో పిన్నో రాసి పెట్టిందైతే మాత్రం పోస్టులో వేయకండి. రానూపోనూ చార్జీలు నేనే పెట్టుకుని వచ్చి తీసుకెళ్తాను.